ప్రశ్నపత్రం చూసి కోర్సు ఎంచుకోండి

(హైదరాబాద్‌లో బీటెక్ కంప్యూటర్ సైన్స్ విద్యార్థులతో ఒక గణిత అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్లకు వినబడుతోందా? లేదా? అయితే ముందుకు రండి, ముందు వరసలన్నీ ఖాళీగానే ఉన్నాయి. మ్యాథ్స్ సార్ అంటే ముందు వరస ఖాళీగా ఉండటం మామూలే. (నవ్వులు)

ఎలెక్టివ్, అంటే మీరే ఎంచుకునే కోర్సు, ఆ ఫారాలు ఇవ్వాల్సిన రోజులు దగ్గరపడ్డాయి. ఈ వారం రోజులూ స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర ఒకటే ప్రశ్న: "సార్, సీఎస్‌ఈ వాళ్లకు ఏ మ్యాథ్స్ తీసుకుంటే మంచిది?" జవాబు ముందే చెప్పేస్తాను, మధ్యలో లేచి బస్సు కోసం పరుగెత్తేవాళ్లకు కూడా దక్కాలి కదా. ఒక్క కోర్సుకే వీలుంటే ప్రాబబిలిటీ. రెండోదానికి కూడా చోటుంటే లీనియర్ ఆల్జీబ్రా. మూడోది మీ ఇష్టం. అయితే ఏ కోర్సులో చేరినా, చేరేముందు దాని పాత ప్రశ్నపత్రాలు రెండు మూడు తెప్పించుకుని చదవండి. అన్నీ "కనుక్కోండి" అనే ప్రశ్నలేనా, "నిరూపించండి" అనేవి కూడా ఉన్నాయా అని చూడండి. రెండో రకం ఉన్న కోర్సే మీకు కావాల్సింది. సిలబస్ కాగితం మీద ప్రతి కోర్సూ గొప్పగానే కనిపిస్తుంది. ప్రశ్నపత్రం దగ్గరికి వస్తే అసలు రంగు తెలుస్తుంది.

ఎందుకంటారా? మీరంతా ఎంసెట్ రాసి వచ్చినవాళ్లు. పేరు ఇప్పుడు ఎప్‌సెట్ అయింది, పేపర్ మాత్రం అదే. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు, అందులో సగం, అంటే 80, మ్యాథ్స్. నెగెటివ్ మార్కుల్లేవు. ప్రశ్నకు నిమిషం పైన కొన్ని సెకన్లు. ఆ నిమిషంలో సమస్యను మొదటి నుంచి చివరిదాకా చెయ్యాల్సిన పనిలేదు. ఆప్షన్లు ఒక్కొక్కటీ సమీకరణంలో పెట్టి చూస్తాం, n బదులు 1 పెట్టి చూస్తాం, సరిపోయిన ఆప్షన్ దిద్దేస్తాం. అది తప్పని నేననను. ఆ పరీక్షకు అదే తెలివి. చిక్కేమిటంటే, రెండేళ్లు పొద్దున్నుంచి రాత్రిదాకా అదే చేసి వచ్చాక, లెక్క అంటే వేగంగా జవాబు పట్టుకోవడమే అన్న అభిప్రాయం మనలో దిగిపోతుంది.

ప్రోగ్రామ్ రాసేటప్పుడు ఆప్షన్లుండవు. మీరిచ్చిన పది ఇన్‌పుట్లకు సరిగ్గా పనిచేసింది సరే, మీకు తట్టని పదకొండోది వస్తే ఏమవుతుంది? n బదులు 1 పెట్టి చూసే అలవాటు అక్కడ కాపాడదు.

ఇంటర్ మొదటి సంవత్సరం 1ఏ గుర్తుందా? గణితానుగమనం, మ్యాథమెటికల్ ఇండక్షన్. ఏడు మార్కుల ప్రశ్న. "k కి నిజమనుకుందాం, k+1 కి నిరూపిద్దాం" అని కంఠతా పట్టి రాసేశారు. కాలేజీకొచ్చాక దాన్ని వాడిన గుర్తుందా? (విద్యార్థుల నుంచి: "డిస్క్రీట్ మ్యాథ్స్‌లో సార్".) డిస్క్రీట్‌లో సరే, మరి ప్రోగ్రామింగ్‌లో? మీరు రాసే ప్రతి లూప్‌లోనూ ఉంది. లూప్ ఒక్కసారి తిరగకముందు ఏది నిజమో చెప్పాలి, ఒక చుట్టు తిరిగాక కూడా అది నిజంగానే ఉంటుందని చూపించాలి. అది ఇండక్షనే.

బైనరీ సెర్చ్, అంటే వరసలో ఉన్న అర్రేను ప్రతిసారీ సగం చేస్తూ వెతకడం, అందరూ రాశారు. మధ్య స్థానం కోసం low, high కలిపి రెండుతో భాగిస్తాం. జావా లైబ్రరీలో కూడా ఏళ్ల తరబడి అలాగే ఉండేది. 2006లో జాషువా బ్లాక్ అందులో తప్పుందని బయటపెట్టారు. 32 బిట్ల ఇంటీజర్‌లో పట్టే అతిపెద్ద సంఖ్య 2147483647. అర్రే చాలా పెద్దదై low, high మొత్తం దాన్ని దాటితే విలువ రుణాత్మకం అయిపోతుంది, ప్రోగ్రామ్ పడిపోతుంది. మరి బైనరీ సెర్చ్ సరైనదని రుజువు ఉంది కదా? ఉంది, ఆ రుజువులో తప్పు లేదు కూడా. సంఖ్యలకు హద్దు లేదని అది అనుకుంది, అంతే. low కి (high − low)/2 కలిపితే సమస్య తీరిపోయింది. రుజువు స్వయంగా రాసేవాడికి, తాను ఏమేం అనుకుంటున్నాడో కాగితం మీద కనిపిస్తుంది. జవాబు పట్టుకునే వాడికి కనిపించదు. "నిరూపించండి" అన్న ప్రశ్నలుండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇప్పుడు ప్రాబబిలిటీ. ఎక్కువసేపు దీని మీదే ఉంటాను, ఓపిక పట్టండి.

మీరు అనొచ్చు, సార్, మాకు కాస్మ్ ఉంది కదా అని. అదే, కంప్యూటర్ ఓరియెంటెడ్ స్టాటిస్టికల్ మెథడ్స్. ఉంది. అందులో టేబుల్ చూసి z విలువ రాయడం, కై స్క్వేర్ ఫార్ములాలో సంఖ్యలు పెట్టడం వస్తాయి. దాన్ని తీసిపారెయ్యను. కానీ అదే ప్రాబబిలిటీ అనుకుని వదిలేస్తే నష్టపోతారు.

ఈ గదిలో అరవై మంది ఉన్నారనుకుందాం. ఇద్దరి పుట్టినరోజు ఒకే తేదీ అయ్యే అవకాశం ఎంత? (విద్యార్థులు: "చాలా తక్కువ సార్", "ఆరో వంతు".) ఏడాదికి 365 రోజులు, మనం అరవై మందిమి, కాబట్టి ఆరో వంతు. అంతే కదా లెక్క? నిజానికి అది 99 శాతం పైన. ఇరవై ముగ్గురుంటే చాలు, సగం దాటిపోతుంది. మనం మనుషుల్ని లెక్కపెడుతున్నాం, లెక్కపెట్టాల్సింది జతల్ని. 23 మందిలో 253 జతలు, 60 మందిలో 1770 జతలు. ప్రతి జతకూ కలిసే అవకాశం ఉంది.

దీన్ని కంప్యూటర్‌లోకి తెద్దాం. ప్రతి రికార్డుకూ 32 బిట్ల హ్యాష్, అంటే దాని నుంచి లెక్కకట్టిన ఒక గుర్తు సంఖ్య, వేస్తున్నారు. అంటే దాదాపు 429 కోట్ల వేర్వేరు విలువలు. ప్రాజెక్టు రివ్యూలో అడిగితే ఏం చెప్తారు? "429 కోట్లుంది సార్, మనకున్నది లక్ష రికార్డులు, రెండిటికి ఒకే హ్యాష్ ఎందుకొస్తుంది?" అంటారు. హ్యాష్ విలువలు సమానంగా పరుచుకున్నాయనుకున్నా, సుమారు 77 వేల రికార్డులకే రెండు ఢీకొనే అవకాశం సగానికి చేరుతుంది. 77 వేలంటే ఎన్ని జతలో వేసి చూడండి, దాదాపు 296 కోట్లు. ఈ లెక్క చెయ్యడానికి ఇంటర్ 2ఏ చాలు. చెయ్యాలని తట్టడానికి మాత్రం ఒక మంచి కోర్సు కావాలి.

ఇంకొకటి. మీలో సగం మంది మినీ ప్రాజెక్టు "ఫ్రాడ్ డిటెక్షన్" అని నాకు తెలుసు. (నవ్వులు) కాదనకండి, టైటిల్స్ లిస్టు చూశాను. లక్ష లావాదేవీలున్నాయి, అందులో నిజంగా మోసాలు 100 అనుకుందాం. మీ మోడల్ 99 శాతం సరిగ్గా చెప్తుంది, మోసాన్ని మోసమనీ, మంచిదాన్ని మంచిదనీ. ఒక లావాదేవీకి ఎర్రజెండా ఎత్తింది. అది నిజంగా మోసమయ్యే అవకాశం ఎంత? 99 శాతమా? లెక్క వేద్దాం. వంద మోసాల్లో 99 పట్టుకుంది. మంచివి 99,900, వాటిలో ఒక శాతం, అంటే 999 మంచివాటికి కూడా జెండా ఎత్తింది. మొత్తం జెండాలు 1098, నిజమైన మోసాలు 99. అంటే 9 శాతం. ఎర్రజెండా చూసి ఖాతా ఆపేస్తే, పదకొండు మందిలో పది మంది ఏ తప్పూ చెయ్యనివాళ్లు. ఇది బేయిస్ సిద్ధాంతం. ఇంకో సంగతి, ఏ జెండా ఎత్తకుండా అన్నీ మంచివే అని ప్రింట్ చేసే ఒక్క లైను ప్రోగ్రామ్‌కు 99.9 శాతం యాక్యురసీ వస్తుంది! మీ పోస్టర్ మీద పెద్ద అక్షరాలతో యాక్యురసీ రాసేముందు ఇది గుర్తుంచుకుంటే ఎక్స్‌టర్నల్ ముందు మీకే మంచిది.

ప్రాబబిలిటీ అంటే డేటా కోసమే అనుకోకండి, అల్గారిథమ్స్‌లోనూ ఉంది. అర్రేను వరసలో పెట్టే క్విక్‌సార్ట్‌లో ఎప్పుడూ మొదటి ఎలిమెంటునే పివట్‌గా, అంటే మిగతావాటిని పోల్చి చూసేదానిగా, తీసుకుంటే, ముందే వరసలో ఉన్న అర్రే ఇచ్చిన రోజున n స్క్వేర్ సమయం పడుతుంది. పివట్‌ను యాదృచ్ఛికంగా ఎంచుకుంటే, ఇన్‌పుట్ ఏదైనా సరే, సగటున n లాగ్ n. ఇక్కడ ఇన్‌పుట్ యాదృచ్ఛికంగా ఉందని మనం ఆశపడటం లేదు. యాదృచ్ఛికతను మనమే లోపల పెట్టాం. ఈ తేడా మీకు స్పష్టంగా అర్థమైందంటే ఆ కోర్సు ఫీజు గిట్టినట్టే.

గచ్చిబౌలి వైపు తిరిగేవాళ్లు సి.ఆర్. రావు రోడ్డు మీదుగా వెళ్లే ఉంటారు. ఆయన ఎవరో తెలుసా? (నిశ్శబ్దం) మన తెలుగువాడు. 1920లో హడగలిలో పుట్టారు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివారు, ఆ తర్వాత కలకత్తాలో స్టాటిస్టిక్స్. 1945లో, పాతికేళ్ల వయసులో ఒక పేపర్ రాశారు. డేటా నుంచి ఒక విలువను అంచనా కట్టేటప్పుడు, పక్షపాతం లేని ఏ పద్ధతి వాడినా కచ్చితత్వం ఒక హద్దును దాటదని అందులో చూపించారు. క్రామర్–రావు హద్దు అంటాం. మీరెంత గొప్ప కోడ్ రాసినా, ఎన్ని జీపీయూలు పెట్టినా, ఆ హద్దు ఇవతలే. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకుని, అదే ఏడు కన్నుమూశారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆయన పేరుతో ఒక పరిశోధన సంస్థే ఉంది. ఆ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు తిట్టుకోవడం మాని ఆ హద్దు గురించి ఆలోచించండి. (నవ్వులు)

లీనియర్ ఆల్జీబ్రాకు వద్దాం. ఎం1లో, అంటే బీటెక్ మొదటి మ్యాథ్స్ పేపర్‌లో, మాత్రికలు చేశారు. 3×3 మాత్రిక ఇస్తారు, డిటర్మినెంట్‌తో క్యారెక్టరిస్టిక్ సమీకరణం రాస్తారు, మూడు ఐగన్ విలువలు కనుక్కుంటారు, కేలీ–హామిల్టన్ సరిచూస్తారు. ఆ ఐగన్ విలువ అంటే ఏంటి బాబూ అని వైవాలో అడిగితే మాత్రం పైకప్పు కేసి చూస్తారు. తప్పు మీది కాదు, ప్రశ్నపత్రంలో ఎప్పుడూ అడగలేదు కాబట్టి.

కంప్యూటర్ ఆ పద్ధతిలో ఐగన్ విలువలు కనుక్కోదు, కనుక్కోలేదు కూడా. అయిదో ఘాతం, ఆపైన సమీకరణాలకు సాధారణ సూత్రం లేదని ఆబెల్ 1824లోనే నిరూపించాడు. మరి కోట్ల వరసలున్న మాత్రిక సంగతేంటి? 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ వెబ్ పేజీలకు ర్యాంకు ఇవ్వాలనుకున్నప్పుడు ఎదురైంది ఇదే. ఏ పేజీకి ఏ పేజీ లింకు ఇస్తోందో ఒక పెద్ద మాత్రిక. దాని ప్రధాన ఐగన్ వెక్టరే, అంటే ఆ మాత్రికతో గుణించినా దిశ మారని వెక్టరే, ర్యాంకులు. వాళ్లు డిటర్మినెంట్ విప్పలేదు. ఏదో ఒక వెక్టర్‌తో మొదలుపెట్టి, మాత్రికతో గుణించారు, వచ్చినదాన్ని మళ్లీ గుణించారు, మళ్లీ, మళ్లీ. కాసేపటికి అది కుదురుకుంటుంది. లింకుల వెంట వెళ్తూ వెళ్తూ అప్పుడప్పుడు విసుగొచ్చి ఎక్కడికో దూకే మనిషిని ఊహించుకుని, అతను లింకు వెంటే వెళ్లే అవకాశంగా 0.85 అనే సంఖ్య పెట్టారు. ఎందుకు కుదురుకుంటుంది, ఆ 0.85 లేకపోతే ఏమవుతుంది? ఈ రెండూ నిరూపించండి అని అడిగే కోర్సు దొరికితే వదలకండి. చూడండి, ఇక్కడ కూడా ప్రాబబిలిటీ వచ్చి కూర్చుంది.

ఈ ఆదివారం ఇంట్లో ఒకటి చేసి చూడండి. మీ ఫోటో ఒకటి తీసుకుని బ్లాక్ అండ్ వైట్ చెయ్యండి, 1000×1000 సైజుకు తెండి. పది లక్షల సంఖ్యలు. పైథాన్ నమ్‌పైలో ఎస్‌వీడీ అని ఒక ఫంక్షన్ ఉంది, అది మాత్రికను పెద్దా చిన్నా ముక్కలుగా విడగొడుతుంది, వాటిలో పెద్దవి యాభై ఉంచి మిగతావి పారేయండి. ఇప్పుడు మీ దగ్గర మిగిలేది లక్ష పైచిలుకు సంఖ్యలు, అంటే పదో వంతు. మళ్లీ ఫోటో కట్టి చూసుకుంటే మీ మొహం మీరే గుర్తుపడతారు. మొదట ఆశ్చర్యపోండి, ఆ తర్వాత ఎందుకని అడగండి. 2017లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ అనే ఏఐ మోడల్, ఇప్పుడు మీ అసైన్‌మెంట్లన్నీ రాసిపెడుతున్నది, దాని లోపల కూడా ఎక్కువ భాగం మాత్రికల గుణకారమే.

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర నిలబడితే పైకి కోచింగ్ బోర్డులు చూడండి. ఒకప్పుడు జావా, తర్వాత హడూప్, తర్వాత డేటా సైన్స్, ఇప్పుడు జెన్ ఏఐ. కోర్సు పేరులో కొత్త మాట ఉందని మ్యాథ్స్ ఎలెక్టివ్ తీసుకోకండి. "మ్యాథమెటిక్స్ ఫర్ మెషిన్ లెర్నింగ్" అని పేరుండి లోపల వారానికో టాపిక్ ముట్టుకుని పోయే కోర్సు కంటే, పాత పేరుతో ఒక్క విషయాన్నే పద్నాలుగు వారాలు పట్టుకుని కూర్చునే కోర్సు మేలు. కొత్త పేరుతోనే బాగా చెప్పేవాళ్లూ ఉన్నారు. అందుకే ప్రశ్నపత్రం చూడమనేది.

మూడోది మీ ఇష్టం అన్నాను. నాకు ఇష్టమైనది చెప్తాను, అది సలహా కాదు. ఆల్జీబ్రా, నంబర్ థియరీ. ఇరానీ చాయ్ హోటల్ కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ చూశారుగా. చాయ్ మరకలు, గీతలు, ఓ పక్క రంగు పోయి ఉంటుంది. అయినా స్కాన్ అవుతుంది. మూడు మూలల్లో పెద్ద చదరాలు ఉండాలి, కెమెరా వాటినే పట్టుకుంటుంది. మిగతాచోట్ల కోడ్ రకాన్ని బట్టి 7 శాతం నుంచి 30 శాతం దాకా దెబ్బతిన్నా మళ్లీ కట్టుకోగలదు. 1960లో రీడ్, సాలమన్ అనే ఇద్దరు రాసిన కోడ్ అది. ఫైనైట్ ఫీల్డ్ అని 256 సంఖ్యలే ఉన్న ఒక చిన్న లోకం, అందులో కూడికలు, గుణకారాలు, భాగహారాలు అన్నీ సాగుతాయి, దాని మీద బహుపదులు. బహుపది మూలాల గురించి ఇంటర్‌లో నేర్చుకున్నదే, సంఖ్యలు మాత్రం వేరు. మన డబ్బులు హోటల్ ఖాతాలో పడటానికి ఫైనైట్ ఫీల్డ్స్ పనిచేస్తున్నాయన్నమాట.

రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించిన హార్డీకి తన గణితం ఎవరికీ ఏ పనికీ రాదని గర్వం. 1947లో చనిపోయాడు. సరిగ్గా ముప్పై ఏళ్లకు, 1977లో, నంబర్ థియరీ మీద ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య సంకేత పద్ధతి వచ్చింది. దానికి పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యలు కావాలి. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో బహుపది కాలంలో, అంటే అంకెలు పెరిగినా సమయం విపరీతంగా పెరగకుండా, కచ్చితంగా చెప్పే పద్ధతిని 2002లో కనిపెట్టింది మనవాళ్లే, కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, ఆయన విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. ఆ ఇద్దరూ బీటెక్ అప్పుడప్పుడే అయిపోయిన పిల్లలు. అయితే ఆచరణలో ఇప్పటికీ వాడేది మిల్లర్–రాబిన్ పరీక్షనే, అది వేగం కాబట్టి. ప్రధాన సంఖ్య కానిదాన్ని అది ఒక్కోసారి ప్రధాన సంఖ్య అంటుంది, కానీ ఆ పొరపాటుకు ఒక్కో చుట్టులో అవకాశం నాలుగో వంతు మించదు. ఇరవై చుట్లు తిప్పితే లక్ష కోట్లలో ఒక వంతు కన్నా తక్కువ. మళ్లీ ప్రాబబిలిటీయే. నేను తీసుకురావడం లేదు, అదే వస్తోంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. న్యూమరికల్ మెథడ్స్: పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది, ఎందుకో తెలియని వాళ్లు బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ జోలికి పోకూడదు. 1991లో గల్ఫ్ యుద్ధంలో పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ గడియారంలో పదో వంతు సెకను బైనరీలో సరిగ్గా పట్టక, వంద గంటలకు సెకనులో మూడో వంతు తేడా వచ్చింది. వచ్చే క్షిపణిని అడ్డుకోలేకపోయింది, 28 మంది సైనికులు చనిపోయారు. గ్రాఫ్ థియరీ డిస్క్రీట్‌లో కొంత అయింది, అల్గారిథమ్స్‌లో ఇంకొంత వస్తుంది, ఎలెక్టివ్ దానికి ఖర్చు చెయ్యొద్దనే నా ఉద్దేశం. రియల్ అనాలసిస్ రిసెర్చ్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఇంకో సెమిస్టర్ తీసుకుంటామనే వాళ్లు గేమ్స్‌లో ఫిజిక్స్, సిమ్యులేషన్ చేస్తారా? అయితే తీసుకోండి. లేకపోతే వద్దు.

ఇక మీరు అడగండి.

విద్యార్థి: సార్, ఇది ప్లేస్‌మెంట్‌కు పనికొస్తుందా? ప్యాకేజీ ఏమైనా పెరుగుతుందా?

క్యాంపస్‌కు వచ్చే పెద్ద కంపెనీల ఆప్టిట్యూడ్ టెస్టులకు ఇంటర్ పర్ముటేషన్లు, ప్రాబబిలిటీ చాలు. దానికోసం ఎలెక్టివ్ అక్కర్లేదు, అబద్ధం చెప్పను. డేటా ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో బేయిస్ తరహా ప్రశ్నలు అడుగుతారు, అక్కడ తేడా తెలుస్తుంది. గేట్ రాసేవాళ్లకు సీఎస్ పేపర్‌లో ఇంజనీరింగ్ మ్యాథ్స్ 13 మార్కులు. డేటా సైన్స్, ఏఐకి 2024 నుంచి విడిగా పేపర్ వచ్చింది, అందులో మొదటి రెండు విభాగాలే ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా.

విద్యార్థి: మన కాలేజీలో ప్రూఫ్స్ అడిగే కోర్సు లేకపోతే ఎలా సార్?

ఎన్‌పీటీఈఎల్ ఉంది, ఐఐటీలవాళ్లు నడిపే ఆన్‌లైన్ కోర్సులు. జనవరిలో, జులైలో మొదలవుతాయి, నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల కోర్సులు. వినడం ఉచితం, పరీక్షకే ఫీజు. అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75. అయితే అక్కడ కూడా పరీక్షలో ఎక్కువగా ఆప్షన్లే ఉంటాయి. కాబట్టి పన్నెండు వారాలది తీసుకోండి, లెక్చర్‌లో సార్ రుజువు మొదలుపెట్టగానే వీడియో ఆపి, మీరే రాయడానికి ప్రయత్నించండి. ఇద్దరు ముగ్గురు కలిసి చేస్తే, ఒకరు రాసిందాన్ని ఇంకొకరు తప్పుపట్టడానికి కూర్చోవాలి. మెచ్చుకోవడానికి కాదు.

విద్యార్థిని: సార్, నాకు ఎం1 బ్యాక్‌లాగ్ ఉంది. ప్రాబబిలిటీ తీసుకోవచ్చా? టెన్షన్‌గా ఉంది.

తీసుకోవచ్చమ్మా. మొదటి సగానికి కావాల్సింది లెక్కపెట్టడం, శ్రేణుల మొత్తాలు. ఇంటిగ్రేషన్ తర్వాత వస్తుంది, అదీ మరీ కష్టమైనది కాదు. లీనియర్ ఆల్జీబ్రా మాత్రం ఎం1 సప్లీ గట్టెక్కాకే. మాత్రికల యూనిట్ ఎలాగూ మళ్లీ చదవాలి కదా, ఈసారి ఐగన్ వెక్టర్ అంటే ఏంటో అడిగి తెలుసుకుని చదువు. లంచ్ తర్వాత స్టాఫ్ రూమ్‌లోనే ఉంటాను, ఆ పాత పేపర్లు తీసుకుని రా.